బండి మాట: పాత టర్బో వేసుకోవచ్చా?

(డీజిల్ బండ్ల మీద పాఠకుల ప్రశ్నలకు, రాయగడలో ముప్ఫై ఐదేళ్లుగా షెడ్డు నడుపుతున్న మేస్త్రి జవాబులు. టర్బో అంటే సైలెన్సర్‌కి పోయే పొగ జోరుతో ఒక చక్రం తిరిగి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం. ఆ ఇరుసునే షాఫ్ట్ అంటారు.)

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. మాది పొట్టంగి దగ్గర ఊరు. సెమిలిగుడ వైపు నుంచి అల్లం, కూరగాయలు సాలూరు, పార్వతీపురం మార్కెట్లకి తోలుతుంటాను. బండి 2016 మోడల్ పికప్, రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్, 2,40,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల సాలూరులో సిమెంటు ఎత్తుకుని సుంకి ఘాట్ ఎక్కుతుంటే సైరన్ లాంటి ఈల మొదలైంది. లాగుడు పడిపోయింది, వెనక నీలం పొగ. మా ఊరి మెకానిక్ గాలి పైపు తీసి చూపించాడు. టర్బో చక్రం ఊగుతోంది, గోడకి గీసుకుంది, ఒక రెక్క చివర చిన్న ముక్క లేదు. కొత్తది బిగింపుతో కలిపి 27,000 అన్నారు. విశాఖపట్నంలో స్క్రాప్ షాపులో అదే బండిది పాతది 8,000 అంటున్నారు, గ్యారంటీ లేదు. లోపలి కోర్ ఒక్కటే కొత్తది వేయిస్తే 11,000 అని ఇంకొకరు చెప్పారు. ఏది చేయమంటారు? అల్లం తవ్వకాలు నడుస్తున్నాయి, ఇంకో వారం ఇదే బండితో తోలుకోవచ్చా? ఇంజిన్ ఆయిల్ 20,000కి ఒకసారి మారుస్తాను, మధ్యలో తగ్గితే పోస్తాను. ఘాట్ ఎక్కగానే టీకి ఆపుతాను తప్ప బండిని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి త్వరగా చెప్పండి.

జవాబు: తమ్ముడూ, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, అది ప్రాణాల సంగతి కాబట్టి. వారం కాదు, ఒక్క ట్రిప్పు కూడా తోలకండి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ టర్బోలోంచి కారి కాలుతోందని. ఆ ఆయిల్ గాలి వైపు నుంచి సిలిండర్లలోకి ఎక్కువగా పోయిందంటే డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా తీసుకుని పరుగెత్తుతుంది. ఎక్స్‌లేటర్ వదిలేసినా, తాళం తీసేసినా ఆగదు. డీజిల్ ఆపితే ఆగడానికి అది అప్పుడు డీజిల్‌తో నడవడం లేదు కదా. ఘాట్ మలుపులో, పైన బస్తాల మీద ఇద్దరు కూర్చుని ఉండగా అలా జరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎప్పుడైనా అలా అయితే బండిని పై గేరులో ఉంచి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, క్లచ్ వదిలి ఇంజిన్ చచ్చేలా చేయాలి. లేదంటే గాలి లోపలికి పోయే మూతిని చెక్కతోనో గట్టి రేకుతోనో మూసేయాలి. అరచెయ్యి పెట్టొద్దు, గుడ్డ కుక్కొద్దు. చెయ్యి నలుగుతుంది, గుడ్డ లోపలికి పోతుంది. ఈ వారం అల్లానికి వేరే బండి కిరాయికి తీసుకోండి.

ఇక టర్బో సంగతి. మీ మెకానిక్ పైపు తీసి చూపించాడు, మంచి పని చేశాడు. మా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి టర్బో పోయిందని పేరు పెట్టేస్తారు, తీరా చూస్తే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) హోస్ చీలి ఉంటుంది. అప్పుడూ ఈల వస్తుంది, లాగుడు తగ్గుతుంది, కాకపోతే పొగ నల్లగా ఉంటుంది. ఇంజిన్ బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికి పోయే దారి) మూసుకుపోయినా, టర్బో కింద నుంచి ఆయిల్ చాంబర్‌కి దిగే పైపు నలిగినా, బాగున్న టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. దానిలో రబ్బరు సీలు ఉండదు. సన్నటి ఉక్కు రింగులు ఉంటాయి. ఆయిల్ తన బరువుకి తాను కిందకి దిగిపోతుంటేనే అవి ఆపగలవు. దిగే దారి లేకపోతే రెండు పక్కలకీ కారుతుంది. చక్రం గోడకి గీసుకుని, రెక్క విరిగిన తరువాత మాత్రం ఇంక అనుమానం లేదు. మీ టర్బో పోయింది.

ఎందుకు పోయింది? కొత్తదా పాతదా అని అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ఆ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. 20,000 కిలోమీటర్లకి ఆయిల్ మార్చడం ఒకటి. ఘాట్ ఎక్కగానే ఇంజిన్ ఆపి టీకి దిగడం రెండు.

ఆ చక్రం ఎంత జోరుగా తిరుగుతుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. మీ ఇంజిన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగితే అబ్బో అంటాం. టర్బో లోపలి షాఫ్ట్ నిమిషానికి లక్ష దాటి తిరుగుతుంది, చిన్న ఇంజిన్ల టర్బోలైతే రెండు లక్షల దాకా పోతాయి. దానికి బాల్ బేరింగులు కూడా ఉండవు, మీ తరహా బండ్లలో ఇత్తడి బుష్‌ల మధ్య ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఒక పక్క చక్రాన్ని సైలెన్సర్‌కి పోయే పొగ కొడుతుంటుంది. నిండు బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ పొగ వేడి 600, 700 డిగ్రీలు ఉంటుంది. పైగా కొరాపుట్ వైపు ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. కొరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అంతే గాలి ఇంజిన్‌కి అందించాలంటే అక్కడ టర్బో పల్లంలో కంటే జోరుగా తిరగాలి. అలాంటి కష్టం పడి పైకి చేరిన క్షణంలో మీరు తాళం తిప్పి ఆపేశారు. ఆయిల్ రావడం ఆగింది, షాఫ్ట్ ఇంకా తిరుగుతోంది, వేడి ఎటూ పోవడం లేదు. లోపల మిగిలిన ఆయిల్ అట్టు మాడినట్టు మాడి బొగ్గు అవుతుంది. రోజూ కొంచెం కొంచెం. ఆ బొగ్గు ఆయిల్ వచ్చే సన్న పైపులో పేరుకుంటుంది. ఒకరోజు షాఫ్ట్‌కి చాలినంత ఆయిల్ అందదు.

ఈ పైపు విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. 2011లో ఒక లారీకి పాత టర్బో బిగించాను. యాక్సిడెంటు బండిది, పార్టు చాలా బాగుంది, ఇప్పటికీ ఆ మాట అంటాను. షాఫ్ట్ చూశాను, రెక్కలు చూశాను, కొత్త ప్యాకింగులు వేశాను. ఆయిల్ పైపు మాత్రం పాతదే, గాలి ఊది బిగించేశాను. తొమ్మిదో రోజుకి లారీ తాడు కట్టుకుని వచ్చింది. విప్పితే షాఫ్ట్ నీలం తిరిగిపోయి ఉంది. అంటే ఆయిల్ లేక కాలింది. పైపుని రంపంతో నిలువునా కోసి చూశాను. లోపల సూది పట్టేంత దారి మాత్రమే ఉంది. గాలి ఊదితే ఆ సందులోంచే వస్తుంది, పైపు బాగుందనుకుంటాం. రెండో టర్బో డబ్బు నేనే పెట్టాను. కానీ ఆ లారీ యజమాని పోగొట్టుకున్న పదిహేను రోజుల కిరాయి తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి మా షెడ్డులో ఏ టర్బో బిగించినా, కొత్తదైనా పాతదైనా, ఆయిల్ పైపు కొత్తది లేకపోతే పని మొదలుపెట్టం. మా కుర్రాళ్ళలో ఒడియా వాళ్ళున్నారు, తెలుగు వాళ్ళున్నారు, కువి మాట్లాడే వాళ్ళున్నారు. ఈ ఒక్క నియమం ముగ్గురికీ మొదటి రోజే చెబుతాను.

అందుచేత మీ లెక్క 8,000తో మొదలు కాదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కొత్త ఆయిల్ పైపు, ప్యాకింగులు, రాగి వాషర్లు, ఇంటర్‌కూలర్ కడిగే పని, కూలి అన్నీ కలిపితే ఇంకో ఆరేడు వేలు అవుతుంది. పాత పార్టుతో మీ ఖర్చు 15,000 అనుకోండి. అది పెట్టగలిగితేనే పాతది కొనండి. పార్టు కొని పైపు మానేసే పక్షంలో ఆ 8,000 కూడా మీ దగ్గరే ఉంచుకోండి.

కోర్ మాట మంచిదే. మధ్యలో షాఫ్ట్, బుష్‌లు, రెండు చక్రాలు కలిసిన భాగాన్నే కోర్ అంటారు. దాన్ని మిషన్ మీద బ్యాలెన్స్ చేసి అమ్ముతారు. బయటి రెండు గుల్లలు మీవే వాడతారు. మీ విషయంలో చిక్కు ఏమిటంటే చక్రం గోడకి గీసుకుంది. గాలి వైపు గుల్ల లోపల గోరు పెట్టి లాగి చూడండి. గోరుకి తగలనంత మరక అయితే కోర్ వేయించుకోండి, మూడింటిలో నా ఓటు దానికే. గోరు పట్టుకునేంత గాడి పడితే మాత్రం ఆ గుల్ల పనికిరాదు. చక్రానికీ గోడకీ మధ్య సందు పెరిగితే గాలి వెనక్కి జారిపోతుంది, కొత్త కోర్ వేసినా లాగుడు రాదు. అప్పుడు పాతదో, కొత్తదో మొత్తం పార్టు కావాలి.

పాతది కొనడానికి విశాఖపట్నం వెళ్తే మీ టర్బో చేతిలో పట్టుకుని వెళ్ళండి. ఫోనులో ఫోటో చూసి డబ్బు పంపకండి. గాలి వైపు గుల్ల మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద పార్టు నంబరు ఉంటుంది. ఆ నంబరు అంకె అంకె కలవాలి. చూడటానికి ఒకేలా ఉన్న గుల్లల్లో వేరు వేరు సైజు చక్రాలు ఉంటాయి, బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి, బండి మాత్రం సరిగ్గా నడవదు.

రెండో సంగతి, అది ఏ బండిలోంచి తీశారో అడగండి. ఎదురు గుద్దుకుని ముక్కయిన బండిదైతే మంచిది, ఆ రోజు దాకా ఇంజిన్ నడుస్తూనే ఉంది కదా. ఇంజిన్ సీజ్ అయి తుక్కుకి పోయిన బండిదైతే వద్దు. ఆ ఇంజిన్‌ని చంపిన మురికి ఆయిలే ఈ షాఫ్ట్‌లోకి కూడా పోయింది. తళతళా కడిగి పెట్టిన టర్బోని కూడా నేను నమ్మను. ఆయిల్ కారిన జాడ కిరోసిన్‌తో కడిగితే పోతుంది. కొంచెం మసి, కొంచెం దుమ్ము ఉన్నదే నిజం చెబుతుంది. పొగ వైపు పొడి మసి ఉండాలి. తడిగా, జిడ్డుగా ఉందంటే అటు ఆయిల్ కారుతోంది.

తరువాత షాఫ్ట్. ముక్కుని రెండు వేళ్ళతో పట్టుకుని లోపలికీ బయటికీ తొయ్యండి. అటు ఇటూ కదలిక చేతికి తెలియకూడదు, తెలిస్తే పక్కన పెట్టేయండి. పక్కలకి ఊపితే మాత్రం కొంచెం ఆట ఉంటుంది, దానికి భయపడొద్దు. ఎండిపోయి ఉంది, ఆయిల్ పొర లేదు, అందుకని. మంచి టర్బోని ఇది చూసే వదిలేసి వచ్చినవాళ్ళున్నారు. పక్కకి నొక్కి పట్టుకుని చక్రం తిప్పండి. గోడకి ఎక్కడా తగలకుండా తిరగాలి. రెండు వైపులా తిప్పి చూడండి. ఆయిల్ పోయే రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే లోహం కనబడాలి, నల్లటి పెచ్చులు కాదు. రెక్కల అంచులు ఒక్కొక్కటీ చూడండి. ఒక్క రెక్క చివర నొక్కు ఉన్నా వద్దు. ఆ జోరులో చిన్న బరువు తేడా కూడా షాఫ్ట్‌ని ఊపి ఊపి తినేస్తుంది. పొగ వైపు గుల్లలో, ఎక్కువైన పొగని పక్కకి వదిలే చిన్న తలుపు దగ్గర వెంట్రుక లాంటి చీలిక చాలా పాత టర్బోలకి ఉంటుంది, అది పరవాలేదు. ఆ చీలిక బయటి గోడ దాకా వచ్చిందా, బోల్టులు కూర్చునే మొహం మీదికి వచ్చిందా, అప్పుడు వద్దు.

పక్కన డబ్బా లాంటిది, దానికి రాడ్ ఉంటుంది కదా, ఆ తలుపుని తెరిచేది అదే. దానికి చేతి పంపుతో నెమ్మదిగా గాలి ఇస్తే రాడ్ కదలాలి, కాసేపు అలాగే నిలవాలి. వెంటనే జారిపోతే లోపలి పొర చినిగింది. ఆ రాడ్ నట్టు తిప్పితే లాగుడు పెరుగుతుందని చెప్పేవాళ్ళు ఉంటారు. ముట్టుకోనివ్వకండి. నిజమే, పెరుగుతుంది. టర్బో దాని హద్దు దాటి తిరుగుతుంది కాబట్టి పెరుగుతుంది.

బిల్లు తీసుకోండి, దాని మీద పార్టు నంబరు రాయించండి. గ్యారంటీ లేదన్నా, బిగించాక పదిహేను రోజుల్లో తేడా వస్తే మార్చి ఇస్తాం అని రాసిమ్మంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని మనిషి దగ్గర కొనొద్దు.

ఇక విరిగిన ఆ చిన్న ముక్క. అది ఎక్కడుంది? గాలి వైపు రెక్క కాబట్టి పైపుల్లో పడి ఇంటర్‌కూలర్‌లో కూర్చుని ఉంటుంది, లేదా ఇంజిన్‌లోకి పోయి ఉంటుంది. ఇంటర్‌కూలర్ విప్పి, పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగి, తలకిందులు చేసి ఆరబెట్టాలి. లోపల నిలిచిన ఆయిల్ కూడా పోవాలి. అది మిగిలితే నేను మొదట చెప్పిన ప్రమాదం కొత్త టర్బోతో కూడా వస్తుంది. ముక్క దొరికితే సంతోషం. దొరకకపోతే బిగించే ముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూపించుకోండి. మీది 2016 బండి కాబట్టి సైలెన్సర్‌లో మసి ఫిల్టరు బాధ లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధన) బండ్లకైతే ఆ ఫిల్టరు కూడా ఆయిల్‌తో పాడవుతుంది, ఖర్చు ఇంకా పెరుగుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. ఆయిల్ పైపు మొహం దగ్గర సిలికాన్ పేస్టు రాయనివ్వకండి. అది పిండిలా విడిపోయి సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. అక్కడ ప్యాకింగే వేయాలి. పైపు కలిపే ముందు టర్బో రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, చేత్తో చక్రం నాలుగు సార్లు తిప్పాలి. తరువాత ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేసి, స్టార్ట్ కాకుండా పది సెకన్ల చొప్పున మూడు నాలుగు సార్లు సెల్ఫ్ కొట్టాలి. కింద పైపు వదులు చేసి పెడితే ఆయిల్ దిగడం కంటికి కనబడుతుంది. అది చూశాకే కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేయాలి. అయిదు నిమిషాలు స్లోలో వదలండి. కొత్త పార్టు ఎలా ఉందో చూద్దామని రేజ్ చేసే అలవాటు చాలామందికి ఉంది. ఆయిల్ చేరకముందు చేసే ఆ ఒక్క రేజ్ చాలు బుష్ గీసుకుపోవడానికి.

ఆ తరువాత 1,000 కిలోమీటర్లకే ఆయిల్ ఇంకోసారి మార్చండి. 20,000కి ఒకసారి ఆయిల్ మార్చిన ఇంజిన్‌లో పేరుకున్న మడ్డి ఒక్క మార్పుతో పోదు. ఆపైన బండి పుస్తకంలో ఎంత రాసి ఉన్నా, ఘాట్ మీద బరువు తోలే బండికి నేను 8,000 దాటనివ్వను. పైపు మార్చాక పాత పైపు పారేయకండి, కోసి చూడండి. లోపల ఏముందో నాకు రాయండి.

ప్రశ్న: టర్బో పారేసే పొగతో తిరుగుతుంది కాబట్టి ఇంజిన్‌కి ఏ ఖర్చూ లేదని మా క్లాసులో చెప్పారు. నిజంగా ఊరికే వచ్చిన శక్తేనా? (ఐటీఐ విద్యార్థి, రాయగడ)

జవాబు: పూర్తిగా ఊరికే కాదు, బాబూ. పొగ దారిలో చక్రం అడ్డుపెట్టాం కదా, ఆ పొగని బయటికి నెట్టడానికి పిస్టన్ కొంచెం ఎక్కువ కష్టపడాలి. కానీ ఎలాగూ సైలెన్సర్‌లోంచి పోయే వేడిలో కొంత పని చేస్తుంది. దానితో వచ్చిన ఎక్కువ గాలికి ఎక్కువ డీజిల్ కాలుతుంది కాబట్టి అదే సైజు ఇంజిన్ ఎక్కువ బరువు లాగుతుంది. పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు తీసుకున్నారు. మీ షాపులో పాడైన టర్బో ఉంటే విప్పడానికి అనుమతి అడుగు. షాఫ్ట్‌కి ఆయిల్ అందించే రంధ్రం ఎంత చిన్నదో ఒకసారి చూస్తే చాలు, జీవితాంతం శుభ్రంగా పని చేస్తావు.

ప్రశ్న: ఆపే ముందు ఇంజిన్‌ని స్లోలో ఉంచమంటారు. ప్రతిసారీ అయిదు నిమిషాలు ఉంచితే డీజిల్ దండగ కాదా? (ట్రాక్టర్, మినీ లారీ యజమాని, పర్లాకిమిడి)

జవాబు: ప్రతిసారీ అక్కర్లేదు. ఊళ్ళో నెమ్మదిగా తిరిగి ఇంటికి వచ్చిన బండిని వెంటనే ఆపొచ్చు, అప్పటికే టర్బో చల్లబడి ఉంటుంది. ఘాట్ ఎక్కినప్పుడు, నిండు బరువుతో హైవే మీద జోరుగా వచ్చినప్పుడు, ట్రాక్టరుతో దుక్కి దున్నినప్పుడు మాత్రం ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. టీ కొట్టు కనబడగానే ఆఖరి అర కిలోమీటరు మెల్లగా తోలుకుంటూ వస్తే ఆ రెండు నిమిషాల్లో సగం అక్కడే అయిపోతుంది.